అక్టోబరులో జరిగే ప్రమాదం

అక్టోబరు వచ్చిందంటే టొరంటో, డెట్రాయిట్, మాంట్రియల్ లాంటి ఊళ్ళలో మనవాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఒక ప్రశ్న వినిపిస్తుంది: "స్నో టైర్స్ వేయించాలా, అక్కర్లేదా?" హైదరాబాదులోనో విజయవాడలోనో డ్రైవింగ్ నేర్చుకుని, ఇక్కడికొచ్చి ఏడాది కూడా నిండని కుర్రాళ్ళు అడుగుతారు. పాతకాపులు జవాబు చెప్తారు. "పన్నెండేళ్ళ నుంచి ఆల్ సీజన్ టైర్లతోనే లాగించేస్తున్నా, ఏం కాలేదు" అంటారొకరు. "మనది ఆల్ వీల్ డ్రైవ్ బండి, ఇంకా టైర్లెందుకు?" అంటారు ఇంకొకరు. "మెల్లగా నడిపితే చాలు తమ్ముడూ" అంటాడు మూడో ఆయన.

మూడు జవాబులూ కారులో కూర్చున్నవాడి గురించే. కారు ముందు ఉండబోయే మనిషి ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే ఇది ఎప్పుడూ షాపింగు ప్రశ్నగానే మిగిలిపోతుంది: ఎంతవుతుంది, గిట్టుబాటు అవుతుందా, పోయినేడాది అసలు మంచు పడిందా. నాకు మాత్రం ఇందులో ఒక పాత నీతి ప్రశ్న కనిపిస్తుంది. జనవరిలో జరగబోయే దానికి మన బాధ్యత ఎప్పుడు మొదలవుతుంది?

ముందు రబ్బరు సంగతి చూద్దాం. టైరు రోడ్డును పట్టుకోవాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి, రోడ్డు మీది చిన్న చిన్న గరుకుల్లోకి దిగాలి. చలికి రబ్బరు బిగుసుకుంటుంది. వేసవి టైరు విషయంలో కంపెనీలు సాధారణంగా చెప్పే హద్దు 7 డిగ్రీల సెల్సియస్. అంతకన్నా కిందికి వెళ్ళేకొద్దీ అది గట్టిపడి పట్టు వదిలేస్తుంది. వింటర్ టైరు రబ్బరు మిశ్రమమే వేరు, సున్నాకు చాలా కింద కూడా మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. పైగా దాని ట్రెడ్ నిండా బ్లేడుతో గీసినట్టు వందల సన్నటి చీలికలుంటాయి. అవి మంచును కరిచి పట్టుకుంటాయి. మంచుకు మంచు బాగా అంటుకుంటుంది కాబట్టి, ఆ చీలికల్లో ఇరుక్కున్న మంచు కూడా పట్టుకి సాయపడుతుంది.

ఆల్ సీజన్ అనేది రాజీ టైరు. వేసవిలో త్వరగా అరగకూడదు, చలిలో మరీ బిగుసుకుపోకూడదు. ఒక మోస్తరు చలికాలానికి సరిపోతుంది. కానీ పేరు చూడండి, 'అన్ని కాలాలకూ' అంటోంది. దాని పక్క గోడ మీద ఉండే 'ఎం ప్లస్ ఎస్' గుర్తు కేవలం ట్రెడ్ ఆకారాన్ని బట్టి ఇచ్చేది. దానికోసం టైరును మంచు మీద పరీక్షించక్కర్లేదు. పరీక్షలో నెగ్గితేనే వచ్చేది మరో గుర్తు: మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు. ఆ గుర్తున్న 'ఆల్ వెదర్' టైర్లను ఏడాది పొడుగునా ఉంచుకోవచ్చు. అయితే ఉత్తర అమెరికాలో ఆ పరీక్ష కూడా అణిగిన మంచు మీద బండి ఎంత బాగా ముందుకు కదులుతుందనే చూస్తుంది. ఐసు మీద ఎంత బాగా ఆగుతుందని చూడదు.

మనం అడగాల్సింది ఆగడం గురించే. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయం చేస్తుంది. ఆపేవి బ్రేకులు, అవి అన్ని కార్లలోనూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. బాగా కదిలే బండి, పట్టు బాగానే ఉందన్న భ్రమ కలిగిస్తుంది, అంతే. ఒక చిన్న లెక్క వేద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు నొక్కితే పొడి తారురోడ్డు మీద బండి సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. అణిగిన మంచు మీద ఘర్షణ నాలుగో వంతుకు పడిపోయిందనుకుంటే దాదాపు 50 మీటర్లు పడుతుంది. మంచి టైరు ఆ పట్టును పాతిక శాతం పెంచిందనుకోండి, 40 మీటర్లలో ఆగుతుంది. పది మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మంచి టైరున్న కారు పూర్తిగా ఆగిపోయిన చోట, రెండో కారు ఇంకా గంటకు 22 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఆ చోట ఒక మనిషి నిలబడి ఉంటే రెండు కార్లకూ తేడా ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

"మెల్లగా నడిపితే చాలు" అన్న సలహా మంచిదే. వేగం సగానికి తగ్గిస్తే ఆగే దూరం నాలుగో వంతుకి తగ్గుతుంది. కానీ ఆ సలహా మన నేర్పు ఎప్పుడూ మన చేతిలోనే ఉంటుందనుకుంటుంది. బండి జారడం మొదలయ్యాక నడిపేవాడి మంచితనం, జాగ్రత్త, అనుభవం అన్నీ దాదాపు పనికిరాకుండా పోతాయి. కాలు బ్రేకు మీదే ఉంటుంది, కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం ప్రయాణికుడైపోతాడు. ఆ రెండు మూడు సెకన్లలో ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. ఎంచుకోవడమంతా అంతకుముందే, పొడి రోడ్డు మీద ఎండ కాస్తుండగా అయిపోయింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు మన పెద్దవాళ్ళు. మంచుదేశంలో ఆ దీపం పేరు అక్టోబరు.

ఇక్కడ నాకు ఇద్దరు తత్వవేత్తలు గుర్తొస్తారు. ఒకరు విలియం కింగ్డన్ క్లిఫర్డ్. 1877లో 'ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్' అనే వ్యాసంలో ఒక ఓడ యజమాని కథ చెప్తాడు. ఓడ పాతది, మరమ్మతులు చాలా అయ్యాయి. వలస కుటుంబాలను ఎక్కించుకుని బయల్దేరబోతోంది. యజమానికి మనసులో అనుమానం. బాగు చేయిద్దామంటే ఖర్చు. ఇన్ని ప్రయాణాలు చేసింది, ఇన్ని తుపానులు తట్టుకుంది, ఈసారి మాత్రం ఏమవుతుందిలే అని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. చివరికి నిజంగానే నమ్మేస్తాడు. ఓడ మునిగిపోతుంది, అతను బీమా డబ్బు తీసుకుంటాడు. అతను దోషే అంటాడు క్లిఫర్డ్, నమ్మకం నిజాయితీగలదే అయినా. అంతటితో ఆగడు. ఓడ మునగకుండా క్షేమంగా చేరినా అతని దోషం కొంచెం కూడా తగ్గదంటాడు. ఆ నమ్మకానికి అతనికి హక్కుందా లేదా అన్నదే ప్రశ్న.

"పన్నెండేళ్ళ నుంచి ఏం కాలేదు" అనే మాట ఆ ఓడ యజమాని మాటే. ఏమీ కాకపోవడానికి టైరే కారణమో, అదృష్టమో, ఎదురుగా ఎవరూ లేకపోవడమో ఎలా తెలుస్తుంది? వింటర్ టైరు విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. అది బాగా పనిచేసిన రోజున ఏమీ జరగదు. జరగని దానికి సాక్ష్యం ఉండదు. ఖర్చు రసీదులో కనిపిస్తుంది, లాభం ఎక్కడా కనిపించదు.

రెండో ఆయన థామస్ నేగెల్. 1976లో 'మోరల్ లక్' అనే విషయం మీద బెర్నార్డ్ విలియమ్స్ రాసిన వ్యాసానికి నేగెల్ జవాబుగా రాశాడు. నేగెల్ ఇచ్చే ఉదాహరణల్లో ఒక లారీ డ్రైవరున్నాడు. బ్రేకులు చూపించుకోవడం కాస్త అశ్రద్ధ చేశాడు, రోడ్డు మీదికి ఒక బిడ్డ వచ్చింది. ఆ బిడ్డ రాకపోయినా అతని అశ్రద్ధ అంతే. కానీ వచ్చింది కాబట్టి లోకం అతన్ని వేరేగా చూస్తుంది, అతనూ జీవితాంతం తనను తాను వేరేగా చూసుకుంటాడు. క్లిఫర్డ్ తర్కం ప్రకారం ఇద్దరు డ్రైవర్లూ సమానమే. మన గుండె మాత్రం అలా ఒప్పుకోదు. ఇక్కడ చావు జరిగింది, అక్కడ జరగలేదు. ఈ రెంటికీ రాజీ కుదరదన్నదే నేగెల్ చూపించిన ఇబ్బంది.

ఈ ఇబ్బంది తెలుగు భాషకు ముందే తెలుసేమో. మనం యాక్సిడెంటును ప్రమాదం అంటాం. సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. బౌద్ధంలో దానికి వ్యతిరేకమైన గుణం, పాళీలో అప్పమాదం, ఎంత ముఖ్యమంటే ధమ్మపదంలో రెండో అధ్యాయం మొత్తం దాని పేరు మీదే ఉంది. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట కారణం నుంచి ఫలితం వైపు జారింది. మనసులో జరిగేది కాస్తా రోడ్డు మీద జరిగేదైపోయింది. 'ప్రమాదవశాత్తూ' అంటే ఇప్పుడు 'ఎవరి తప్పూ లేకుండా' అన్నట్టు వాడుతున్నాం, అసలర్థం 'అజాగ్రత్త వల్ల'. 'అప్రమత్తంగా ఉండండి' అన్నప్పుడు మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఆ పాత అర్థంలో ప్రమాదం జనవరిలో కూడలి దగ్గర జరగదు. అక్టోబరులో, "ఈ ఏడాదికి ఇలా కానిద్దాం" అనుకున్నప్పుడే జరిగిపోతుంది. జనవరిలో అది బయటపడుతుందా లేదా అన్నదే అదృష్టం.

ఇంతవరకూ చెప్పింది డబ్బున్నవాళ్ళకు సరిపోతుంది. నాలుగు టైర్లు, వాటికి రిమ్ములు కలిపితే వెయ్యి కెనడా డాలర్ల దాకా పోతుంది. అపార్ట్‌మెంటులో ఉండేవాడు మిగతా సెట్టు దాచుకోవడానికి అద్దె కూడా కట్టాలి. రెండు సెట్లు వంతులవారీగా అరుగుతాయి కాబట్టి చివరికి పెద్ద నష్టం లేదన్నది నిజమే, కానీ ఆ లెక్క చేతిలో వెయ్యి ఉన్నవాడికే పనికొస్తుంది. పగలు కాలేజీ, రాత్రి ఫుడ్ డెలివరీ, పాత కారు, నెలాఖరుకి ఇంటద్దె. అలాంటి కుర్రాణ్ణి క్లిఫర్డ్ ఓడ యజమాని పక్కన నిలబెట్టడం అన్యాయం. మంచు కురిసే రాత్రి అతను రోడ్డెక్కడంలో అతని నిర్ణయం ఎంత, అతన్ని తరిమే యాప్ ఎంత? వెచ్చగా ఇంట్లో కూర్చుని, "బయట బాగా పడుతోంది, బిర్యానీ తెప్పించుకుందాం" అనుకున్న మనం ఎంత? అతని టైర్ల గురించి మనం ఎప్పుడూ అడగం.

అందుకే చట్టం అవసరం అవుతుంది. క్యుబెక్‌లో 2008 నుంచి చలికాలంలో వింటర్ టైర్లు తప్పనిసరి. మొదట డిసెంబరు 15 నుంచి ఉండేది, 2019లో గడువును డిసెంబరు 1కి జరిపారు. మార్చి 15 దాకా ఉంచాలి. పక్కనే ఉన్న ఒంటారియోలో అలాంటి చట్టం లేదు. వేయించుకున్నవాళ్ళకు బీమాలో తగ్గింపు ఇవ్వాలని మాత్రం 2016 నుంచి కంపెనీలకు నిబంధన ఉంది. ఈ రెండు ఆలోచనల మధ్య ఒట్టావా నది పారుతోంది. ఒక ఒడ్డున గాటినో, ఇంకో ఒడ్డున ఒట్టావా. రెండిటి మీదా ఒకే మంచు పడుతుంది, వంతెనలు రెండిటినీ కలుపుతాయి. ఒక ఒడ్డున ఇది సాటి మనిషికి నువ్వు బాకీ ఉన్నది. ఇంకో ఒడ్డున ఇది తెలివైన కొనుగోలు, అందుకే తగ్గింపు. క్యుబెక్ చట్టం అక్కడ రిజిస్టరైన బళ్ళకే కాబట్టి, ఒట్టావా కారు ఏ టైర్లతోనైనా వంతెన దాటి వెళ్ళొచ్చు. దారిన పోయే మనిషికి ఏ కారు ఏ ఒడ్డుదో తెలియదు. నేను గాటినో ఒడ్డునే నిలబడతాను. అయితే చట్టం జరిమానాతో పాటు ఆ డెలివరీ కుర్రాడికి దారి కూడా చూపించాలి, లేకపోతే అది అతని నెత్తిన ఇంకో బరువే.

అలాగని పట్టు ఎంత ఎక్కువుంటే అంత మంచిదా అంటే, అదీ కాదు. జపాన్‌లో 1980ల్లో ఇనుప మేకులున్న స్పైక్ టైర్లు విరివిగా వాడేవారు. ఐసు మీద గొప్ప పట్టు. కానీ మంచు లేని రోజుల్లో ఆ మేకులు రోడ్డును గీకి గీకి పొడి చేసేవి. సెండాయ్ లాంటి నగరాల్లో ఆ దుమ్ము గాలిలో నిలిచిపోయి జనం నానా అవస్థలు పడ్డారు. చివరికి 1990లో చట్టం చేసి వాటిని కట్టడి చేశారు, మేకులు లేని టైర్లు వాటి స్థానంలోకి వచ్చాయి. నార్వేలో ఓస్లో, బెర్గెన్ నగరాలు మేకుల టైర్లకు రుసుము వసూలు చేస్తాయి. నా పట్టు ఇంకొకరి ఊపిరితిత్తుల ఖర్చు మీద వస్తుంటే దాన్ని జాగ్రత్త అనడం కష్టం. మంచి టైర్లున్నాయి కదా అని ఇంకాస్త వేగంగా నడిపేవాడి జాగ్రత్త కూడా అలాంటిదే.

కాబట్టి ఆ కుర్రాడు వచ్చే అక్టోబరులో అడిగితే చెప్పాల్సిన జవాబు కొంచెం పొడుగవుతుంది. మీ ఊళ్ళో నెలల తరబడి మంచుంటే వింటర్ టైర్లు. ఎప్పుడో ఒకసారి పడి కరిగిపోయే ఊరైతే కొండ గుర్తున్న ఆల్ వెదర్ చాలు. డబ్బు లేకపోతే ట్రెడ్ బాగున్న సెకండ్‌హ్యాండ్ సెట్టు. అదీ కుదరకపోతే మంచు పడిన రోజున బండి తీయకపోవడం, బస్సెక్కడం. ఇవన్నీ చెప్పాక ఇంకొక్క మాట కూడా చెప్పాలి. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. సిగ్నల్ దగ్గర ఒకామె స్ట్రోలర్ తోసుకుంటూ రోడ్డు దాటుతూ ఉంటుంది. నీ హెడ్‌లైట్లు కనిపిస్తాయి, నువ్వు ఆగుతావని నమ్మి అడుగు వేస్తుంది. నీ టైర్ల మీద ఏ గుర్తుందో ఆమె వంగి చూడలేదు తమ్ముడూ, నువ్వే చూసుకోవాలి.