తడి రెక్కల చెంత

వాక్యభాగం: యోబు 2:11-13

ఎండెక్కాక తూనీగను ఫొటో తీయాలని చెరువుగట్టున ఎంత తిరిగినా అది చిక్కదు. నాలుగు రెక్కలనూ వేర్వేరుగా ఆడించగలదు. గాలిలో ఉన్నచోటే నిలిచి, అంతలోనే పక్కకు తప్పుకుంటుంది. ఒక్కో కంటిలో వేలాది కటకాలు. మనం అడుగు కదిపితే చాలు, కనిపెట్టేస్తుంది. అందుకే మాక్రో ఫొటోలు తీసేవాళ్ళు తెల్లవారుజామునే బయల్దేరతారు. వరి కోతకొచ్చే నవంబరు రోజుల్లో పొలంగట్ల మీద వెతికితే, రాత్రి చలికి ఒళ్ళు చల్లబడి, రెక్కల నిండా మంచుబొట్లతో గడ్డిపరకను పట్టుకుని ఉన్న తూనీగ కనబడుతుంది. ఒంట్లో కండరాలు వేడెక్కేదాకా అది ఎగరలేదు.

ఎగరలేని ప్రాణి దగ్గరకు వెళ్ళడానికి ఒక పద్ధతి ఉంది. దాని నిజ పరిమాణం సెన్సర్ మీద పడాలంటే లెన్సును జానెడు కన్నా దగ్గరకు తీసుకెళ్ళాలి. అంత దగ్గర నుంచి తీస్తే లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8కి కుదించినా తేటగా వచ్చే మందం సుమారు ఒక మిల్లీమీటరే. కన్ను తేటగా వస్తే తోక మసకబారుతుంది. ఊపిరి బిగబట్టి, తన ఒంటినే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుకోవాలి. సర్దుకోవలసింది ఫొటో తీసేవాడే. మోచెయ్యి పరకకు తగిలిందా, బొట్లన్నీ రాలిపోతాయి. తన నీడ దాని మీద పడిందా, అది ఎదురుచూస్తున్న ఎండకు తనే అడ్డు నిలిచినట్టు.

ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట యోబు దగ్గరకు ఇలాగే వచ్చారు. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోయి బూడిదలో కూర్చున్న స్నేహితుణ్ణి చూసి గొంతెత్తి ఏడ్చారు. ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ పెదవి విప్పకుండా నేల మీద అతని పక్కనే ఉన్నారు. అతనికి వాళ్ళు చేసిన మేలు ఆ వారం రోజులే. తరవాత నోరు తెరిచారు. నీలో తప్పు లేకపోతే ఇంత కష్టం ఎందుకొస్తుందని అధ్యాయాల కొద్దీ వాదించారు. చివరికి దేవుడు వాళ్ళ మాటలనే తప్పుపట్టాడు. వాళ్ళ కోసం ప్రార్థించే పని యోబుకే అప్పగించాడు.

తూనీగ ప్రతి రెక్క కొసకు దగ్గరగా ముదురు రంగు గడి ఒకటి ఉంటుంది. దూరం నుంచి మరకలా కనబడుతుంది. నిజానికి చుట్టూ ఉన్న పల్చటి పొర కన్నా అది బరువైనది. ఆ బరువే, గాలిలో వేగంగా తేలిపోతున్నప్పుడు రెక్క అదుపు తప్పి కొట్టుకోకుండా ఆపుతుంది. దాన్ని మచ్చ అనుకుని ఫొటోలోంచి చెరిపేసేవాడు సృష్టికర్త పనిని చెరిపినట్టే. యోబు స్నేహితులు చేసింది అదే. అతని జీవితంలో తమకు అర్థంకాని దాన్ని మరక అని తీర్పు చెప్పేశారు.

మనమూ పరామర్శకు వెళ్తుంటాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరకు, రిపోర్టు చేత పట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చున్న సహోదరుడి దగ్గరకు. "విశ్వాసం ఉంటే ఇన్నాళ్ళు ఏడుస్తారా?" అని గాని, "దేవుడు ఏదో నేర్పిస్తున్నాడు" అని గాని అనేయడం తేలిక. ఆ మాటలతో వాళ్ళ రెక్కలు ఆరవు. వాళ్ళను ఆరబెట్టే వెచ్చదనం ప్రభువుది. మన వంతు ఆయనకు అడ్డు రాకుండా పక్కన కూర్చోవడం, వంట చేసి పెట్టడం, మందులు తెచ్చివ్వడం, వాళ్ళు మాట్లాడితే మధ్యలో ఆపకుండా వినడం. మనం వెళ్ళాలనుకునే ఇల్లు ఈ రోజు ఒకటి ఉండే ఉంటుంది. చెప్పబోయే మాటలు సిద్ధం చేసుకోకుండా, తొందరపడి తిరిగి రాకుండా వెళ్దాం.

ప్రార్థన: ప్రభువా, తూనీగ రెక్కలోని ఒక్కో గడినీ కొలిచి చేసినవాడివి నీవు. నలిగినవారి దగ్గరకు ఎలా వెళ్ళాలో మాకు నేర్పు. మాకు అర్థంకాని వారి బాధను పాపమని తీర్పు తీర్చకుండా మా నాలుకను కాపాడు. నీ ఓదార్పు వారిని చేరేదాకా వారితో ఉండే ఓర్పునివ్వు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.