మాట్లాడాలంటే ఎన్ని పాయింట్లు కావాలి?

నల్లగండ్లలో గది అద్దెకు తీసుకుని హైటెక్ సిటీ కంపెనీలకు పోయే మన తండా, గూడెం పిల్లల్లో స్టాక్ ఓవర్‌ఫ్లో పేరు విననివాళ్లు ఉండరు. 2008లో మొదలైన ఈ సైటులో ప్రోగ్రాం చిక్కుముడి గురించి ఎవరో అడుగుతారు, ఎక్కడో ఉన్నవాళ్లు జీతం లేకుండా జవాబు రాస్తారు. (ఇప్పుడు చాలామంది చాట్‌జీపీటీని అడుగుతున్నారు. అయినా ఇక్కడి పెద్దరికం మాట్లాడుకోవాల్సిందే.)

ఆ పెద్దరికమూ జీతం లేనిదే. రాసిన జవాబును ఒకరు మెచ్చి ఓటేస్తే 10 పాయింట్లు. ఏళ్లుగా నడిచిన లెక్క ప్రకారం, 15 పాయింట్లుంటే ఇతరులకు మెచ్చుకోలు ఓటు వేయొచ్చు. 50 ఉంటే ఇతరుల రాత కింద వ్యాఖ్య పెట్టొచ్చు. 125కు వ్యతిరేక ఓటు. 3000 దాటితే ఒకరి ప్రశ్నను మూసేయమని ఓటు వేసే అధికారం.

దీన్ని ఒక్కమాటతో కొట్టిపారేయలేం. మన తండాల్లో నాయక్, కార్‌భారీ స్థానాలు చాలా చోట్ల తండ్రి నుంచి కొడుక్కే పోయాయి. ఎంత తెలివిగల ఆడమనిషైనా ఆ వరుసలో కూర్చోలేదు. ఎవరి కొడుకువి, ఏ కాలేజీ అని అడగకుండా, చేసిన పనిని బట్టి స్థానం ఇచ్చే పద్ధతి దానికంటే నయమే. పాతదంతా మంచిదని పాడుకోవడం మాకు చేతకాదు.

కానీ పాయింట్లు దేన్ని కొలుస్తున్నాయి? ముందొచ్చినవాడు తేలిక ప్రశ్నలకు జవాబులు రాసుకున్నాడు. వాటికి ఈ రోజుకీ ఓట్లు పడుతుంటాయి. వెనకొచ్చినవాడు అదే అడిగితే ఇది పాత ప్రశ్నేనని మూసేస్తారు. ఇంగ్లీషు బాగా రాసేవాడికి పాయింట్లు తొందరగా వస్తాయి. స్పానిష్, పోర్చుగీసు, రష్యన్, జపనీసు భాషలకు విడిగా సైట్లున్నాయి, తెలుగుకు లేదు. గోండి, కోయ, గోర్‌బోలీల మాట ఎత్తనే అక్కర్లేదు. ఇంకొకటి: కోడు బాగా రాసేవాడికి కొత్తవాడి తడబాటును ఓపికగా వినే గుణం ఉంటుందని ఏ లెక్కా చెప్పదు.

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది ఆ 50. ఎవరి జవాబులోనో తప్పు కనిపించినా కొత్తవాడు దాని కిందే ఆ మాట చెప్పలేడు. గత్యంతరం లేక దాన్నే జవాబుగా రాస్తే, ఇది జవాబు కాదని తీసేస్తారు. చెత్త ప్రకటనలను ఆపడానికే ఈ గడప అంటారు. ఆ భయం నిజమే. అయితే ఒకరి ప్రశ్నను మూసే అధికారానికి గడప పెట్టడం వేరు, నోరు తెరవడానికి పెట్టడం వేరు.

ఈ గడపలు మనకు కొత్త కావు. సర్పంచ్‌గా పోటీ చేయాలంటే 8వ తరగతి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లోనైతే 5వ తరగతి పాసవ్వాలని రాజస్థాన్ 2015లో చట్టం చేసింది, 2019లో తీసేసింది. ఆదివాసీలకు తగ్గించడం దయలాగే కనిపిస్తుంది. కానీ బడి పెట్టని ప్రభుత్వమే చదువు లేదని పక్కకు నెట్టింది. 1996 పెసా చట్టం తీరు వేరు. ఓటరు జాబితాలో పేరుంటే చాలు, గ్రామసభలో మనిషే. వేలిముద్ర వేసే అవ్వ కూడా లేచి వాగు ఎటు పారుతుందో చెప్పొచ్చు.

మేము అడిగేది పెద్దదేం కాదు. వ్యాఖ్య మొదటి రోజు నుంచే ఇవ్వాలి. మూసేసే అధికారానికి ఎప్పుడో సంపాదించిన పాయింట్లే కాదు, గత ఏడాది కొత్తవాళ్లతో ఎలా మెలిగారో కూడా చూడాలి. చెత్త పెరిగితే ఊడ్చే పని పెరుగుతుంది, నిజమే. 3000 దాటినవాళ్లు ఆ సైటులో వేలల్లో ఉన్నారు.