ఎంపిక కాని బిడ్డ

ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక కేసముద్రంలో ఒక తల్లి అడిగింది: "ఫాదర్, బాబును ఫుట్‌బాల్ అకాడమీకి పంపుదామనుకుంటున్నం. పెద్ద జట్టులోకి తీసుకోకపోతే వాని బతుకేంగాను?"

ప్రియ పాఠకులారా, ఇది చిన్న ప్రశ్న కాదు. సికింద్రాబాదు అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాంను శిక్షకుడు రహీం గుర్తించి చేరదీశారు. ఆయన 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. మరుసటి ఏడే అనారోగ్యంతో ఆట మానవలసి వచ్చింది. శిఖరం చేరినవారికే ఆట అంత కొద్దికాలం. దారిలో ఆగినవారి మాటేమిటి?

అకాడమీలో చేరేవారు అనేకులు; మైదానంలో చోటు పదకొండుమందికే. వడపోత తప్పదు, అది అన్యాయమూ కాదు. బిడ్డను ఆట కోసమే పెంచి, పనికిరాడనిపించిన రోజున వదిలేయడమే అన్యాయం. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని తత్త్వవేత్త కాంట్ 1785లో రాసింది ఇందుకే. ఆ తప్పు క్లబ్బే కాదు, కన్నవారూ చేయగలరు.

ఆ తల్లితో అన్నాను: "పంపమ్మా. కాని ముందు బడి చదువు సాగుతుందా, తీసేస్తే దారేమిటి అని అడుగు. వాడు తిరిగి వస్తే ఓడి వచ్చాడనకు, ఇంటికి వచ్చాడను."