మనస్సాక్షి దేనికి సాక్షి? 'హకిల్‌బెరీ ఫిన్' నవలలో పాత్రల ఉద్దేశాలు, నైతిక నిర్ణయాలు

మార్క్ ట్వేన్ రాసిన 'హకిల్‌బెరీ ఫిన్' నవల కథారంభానికి ముందే ఒక హెచ్చరిక కనిపిస్తుంది. ఈ కథనంలో ఉద్దేశాన్ని వెదకేవారిపై అభియోగం మోపుతామనీ, నీతిని వెదకేవారిని దేశం నుంచి వెళ్లగొడతామనీ, ఇతివృత్తాన్ని వెదకేవారిని కాల్చివేస్తామనీ రచయిత పరిహాసంగా బెదిరిస్తాడు. నవల 1884లో ఇంగ్లండులోనూ మరుసటి ఏడు అమెరికాలోనూ వెలువడింది. అప్పటినుంచి పాఠకులు చేస్తూ వచ్చినవి సరిగ్గా ఈ మూడు నేరాలే. నండూరి రామమోహనరావు అనువాదం ద్వారా తెలుగువారికి చేరువైన ఈ నవలను బాలసాహిత్యం, అనువాద సాహిత్యం బోధించే తరగతుల్లో చర్చకు పెట్టినప్పుడు మన విద్యార్థులు మొదట చేసేదీ ఇదే. వాళ్లు పాత్రల ఉద్దేశాలను ఆరా తీస్తారు, తీర్పులు చెబుతారు. ఆ తీర్పుల వెనుక ఉన్న నైతిక భావనలను, ముఖ్యంగా 'మనస్సాక్షి' అనే భావనను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది పిల్లల నవల అవునా కాదా అన్న వివాదం పాతదే. 'టామ్ సాయర్' నవలను బాలబాలికల వినోదం కోసం రాశానని ట్వేన్ దాని పీఠికలో చెప్పుకున్నాడు. దానికి కొనసాగింపుగా మొదలైన ఈ నవల పిల్లల కథగా బయలుదేరి, నది దిగువకు సాగేకొద్దీ మరొకటిగా మారింది. కథకుడు పదమూడు, పద్నాలుగేళ్ల బాలుడు కావడం వల్ల ఇందులోని నైతిక సంఘర్షణకు సిద్ధాంతాల కవచం లేకుండా పోయింది. మన చర్చకు కావలసింది అదే కనుక వర్గీకరణ వివాదాన్ని ఇక్కడితో వదిలివేయవచ్చు.

చర్చంతా ముప్పై ఒకటవ అధ్యాయం చుట్టూ తిరుగుతుంది. తాగుబోతు తండ్రి నుంచి పారిపోయిన హక్, యజమానురాలు మిస్ వాట్సన్ తనను దక్షిణాదికి అమ్మివేస్తుందన్న భయంతో పారిపోయిన నల్లజాతి బానిస జిమ్, ఒకే తెప్ప మీద మిసిసిపీ నదిపై ప్రయాణిస్తుంటారు. రాజునని చెప్పుకునే మోసగాడొకడు జిమ్‌ను నలభై డాలర్లకు అమ్మివేస్తాడు. ఒంటరిగా మిగిలిన హక్‌ను తాను చేసిన 'పాపం' బాధిస్తుంది. ఒక నిరపరాధి అయిన ముసలామె ఆస్తిని దొంగిలించడానికి తోడ్పడ్డానన్నదే ఆ పాపం. అందుకు ప్రాయశ్చిత్తంగా జిమ్ ఆచూకీ తెలుపుతూ మిస్ వాట్సన్‌కు ఉత్తరం రాస్తాడు. రాయగానే మనసు తేలికపడుతుంది, ఇక ప్రార్థన చేయగలననిపిస్తుంది. కానీ వెంటనే మోకరిల్లక, కొంతసేపు ఆలోచనలో పడతాడు. ఆ ఆలోచనలో జిమ్ గుర్తుకు వస్తాడు. చివరకు నరకానికి పోవడానికే సిద్ధపడి ఉత్తరాన్ని చించివేస్తాడు.

'హక్ తాను పాపం చేస్తున్నాననుకున్నాడు గాని, నిజానికి చేసింది పుణ్యమే' అని విద్యార్థులు ఏకకంఠంతో అంటారు. తీర్పు సరైనదే, కానీ అతి సులభంగా వచ్చింది. బానిసత్వం దుర్మార్గమని ముందే తెలిసిన మనం గట్టు మీద నిలబడి చెబుతున్న తీర్పు అది. హక్ తెప్ప మీద ఉన్నాడు. అతని ఊరు, చర్చి, చట్టం, అతన్ని చేరదీసిన సాధ్వి అందరూ ఒకే మాట చెప్పారు, అదే అతని లోపలి గొంతుగా మారింది. అందువల్ల అసలు ప్రశ్న ఇది: మనిషి ఎల్లప్పుడూ తన అంతరాత్మ చెప్పినట్టు నడుచుకోవాలా? నడుచుకోవాలంటే హక్ తప్పు చేశాడనాలి. అక్కర్లేదంటే, దాని మాట ఎప్పుడు వినాలో ఎప్పుడు తోసిపుచ్చాలో మనిషికి ఏది చెబుతుంది?

ఆరోగ్యకరమైన హృదయానికీ, వికృతమైన అంతరాత్మకూ మధ్య జరిగిన ఘర్షణగా ట్వేన్ స్వయంగా 1895లో తన నవలను వివరించాడు. తత్త్వవేత్త జొనాథన్ బెన్నెట్ 1974లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో దీన్ని దుష్టనీతికీ సానుభూతికీ మధ్య సంఘర్షణగా విశ్లేషించాడు. హక్ పక్షాన వాదన ఏదీ లేదనీ, ఉన్నది జాలి మాత్రమేననీ ఆయన అభిప్రాయం. నోమీ అర్పలీ 2003 నాటి గ్రంథంలో దీనితో విభేదించింది. హక్ జిమ్‌ను మనిషిగా గుర్తించాడనీ, ఆ గుర్తింపును మాటల్లో పెట్టలేకపోయినా అది సరైన నైతిక కారణమేననీ ఆమె వాదం. నాకు రెండవ వాదమే సమంజసంగా తోస్తుంది. అయితే దాన్ని బలపరచడానికి ఇంగ్లీషు పరిభాష కంటే మన తెలుగు మాటే ఎక్కువ ఉపకరిస్తుందని భావిస్తున్నాను.

తెలుగులో ఈ లోపలి గొంతును 'మనస్సాక్షి' అంటాం. సాక్షి న్యాయాధికారి కాదు, ధర్మశాస్త్రవేత్త కాదు. జరిగినదాన్ని స్వయంగా చూసినవాడికే ఆ పేరు చెల్లుతుందని పాణినీయ వ్యాకరణం కూడా చెబుతుంది. విన్నది చెప్పేవాడు సాక్షి కాడు. ఈ గీటురాయి మీద హక్ అంతరంగాన్ని పరీక్షిస్తే పాత్రలు తారుమారవుతాయి. అతన్ని దోషిగా నిలబెట్టిన గొంతు ఏమి చూసింది? ఏమీ చూడలేదు. ఆదివారం బడిలో విన్నదాన్ని, పెద్దలు అన్నదాన్ని వల్లిస్తోంది. మరోవైపు అతని జ్ఞాపకాలన్నీ కళ్లారా చూసినవి. హక్ నిద్ర చెడకూడదని జిమ్ తన వంతు కాపలా ముగిశాక కూడా హక్ వంతు తానే కాయడం, పొగమంచులో తప్పిపోయిన హక్ తిరిగి రాగానే పొంగిపోవడం, లోకంలో తనకున్న ఏకైక మిత్రుడివి నీవేననడం: ఇవన్నీ ప్రత్యక్షాలు. అంటే, హక్ తన మనస్సాక్షిని ధిక్కరించలేదు. తీర్పరి వేషం వేసుకున్న ఊరి మాటను పక్కకు నెట్టి తన మనస్సాక్షి మాట విన్నాడు. ఇంగ్లీషులో విరోధాభాసగా కనిపించేది తెలుగులో చాలావరకు విడిపోతుంది.

చాలావరకే, పూర్తిగా కాదు. మనుస్మృతి ధర్మమూలాలను చెప్పేటప్పుడు వేదం, స్మృతి, సదాచారాల తరువాత ఆత్మతుష్టిని కూడా చేర్చింది. వ్యాఖ్యాతలు దాన్ని శాస్త్రం తెలిసిన సజ్జనులకు పరిమితం చేసి కట్టడి చేశారు. సందేహం కలిగిన చోట సజ్జనుల అంతఃకరణ ప్రవృత్తే ప్రమాణమని కాళిదాసు దుష్యంతుడు తనకు తాను చెప్పుకుంటాడు. అక్కడ అతని కోరిక, అతని అంతఃకరణం, అతని వర్ణధర్మం మూడూ ఒకే దిక్కు చూపుతాయి, కనుక ఆ ప్రమాణానికి పరీక్షే ఎదురుకాలేదు. హక్‌కు ఆత్మతుష్టి కలిగింది ఉత్తరం రాసినప్పుడు, చించినప్పుడు కాదు. తృప్తిని ధర్మానికి గుర్తుగా తీసుకుంటే ఈ బాలుడు సరిగ్గా తప్పు దారిలో పోతాడు.

విద్యార్థులు తమ ఊళ్లను తలచుకోవడం మొదలుపెట్టేది ఇక్కడే. అది సహజం, కావలసినది కూడా. జబ్బుపడిన దళిత కూలికి తన చేత్తో గంజి పోసి, ఆ తరువాత మైలపడ్డానని తలస్నానం చేసే ఇల్లాలిని ఊహించుకుందాం. అటువంటివారు మన పల్లెల్లో ఉన్నారన్నది ఎవరికీ కొత్త సంగతి కాదు. ఆమె జాలి నిజమైనదే, ఆమె స్నానమూ నిజమైనదే. ఆమెను మెచ్చుకోవాలా? మెచ్చుకోవాలని కొందరు విద్యార్థులు గట్టిగా అంటారు, గంజి తాగినవాడు ఆ స్నానాన్ని చూశాడు కదా అని మరికొందరు అడుగుతారు. రెండవ ప్రశ్న వినిపించిన తరగతిలో చర్చ ఇక మునుపటిలా సాగదు. అంతవరకు హక్ అంతరంగం గురించి మాట్లాడినవారు జిమ్ కళ్లతో చూడడం మొదలుపెడతారు.

హక్ విషయంలోనూ స్నానం మిగిలే ఉంది. టామ్ సాయర్ వంటి పెద్దింటి బిడ్డ బానిసను విడిపించే నీచానికి ఎలా దిగాడా అని హక్ నవల చివరి భాగమంతా ఆశ్చర్యపోతూనే ఉంటాడు. మిస్ వాట్సన్ మరణిస్తూ జిమ్‌కు వీలునామాలో విముక్తి ప్రసాదించిందనీ, ఆ సంగతి టామ్‌కు ముందే తెలుసుననీ బయటపడినప్పుడు అతని ఆశ్చర్యం తీరిపోతుంది. టామ్ పెంపకానికి మచ్చ రాలేదన్నమాట! జిమ్ ఒక్కడి విషయంలో గెలిచిన సాక్ష్యం, బానిసత్వం గురించిన హక్ నమ్మకాన్ని వెంట్రుకవాసి కూడా కదిలించలేదు. కంటితో చూసిన సాక్ష్యానికి ఉన్న బలం, పరిమితి రెండూ ఇవే. అది చూసిన మనిషి దాకానే వెళుతుంది.

ఇక జిమ్ ఉద్దేశాలు. వీటిని మన తరగతుల్లో తగినంతగా చర్చించడం లేదని నా అభిప్రాయం. నదిలో కొట్టుకువచ్చిన ఇంట్లో ఒక శవం కనిపించినప్పుడు, దాని ముఖం చూడవద్దని జిమ్ హక్‌ను వారిస్తాడు. అది హక్ తండ్రి శవమని చివరి అధ్యాయంలోనే చెబుతాడు. ఎందుకు దాచాడు? బాలుడి మనసు గాయపడకూడదని అన్నది మొదటి సమాధానం. కానీ తండ్రి చనిపోయాడని తెలిస్తే హక్ పారిపోవలసిన అవసరమే ఉండదు. ఇంటికి తిరిగిపోతే, ఒంటరిగా ప్రయాణించే నల్లజాతి మనిషిగా జిమ్ ఎక్కడైనా పట్టుబడవచ్చు. ఇది విన్న విద్యార్థులు కలవరపడతారు, జిమ్ మంచితనం కరిగిపోయినట్టు భావిస్తారు. పదహారవ అధ్యాయంలోనూ ఇదే సందిగ్ధత ఉంది. తనను పట్టించడానికే హక్ చిన్న పడవలో ఒడ్డుకు బయలుదేరినప్పుడు, తనకిచ్చిన మాట నిలుపుకున్న తెల్లవాడివి నీవొక్కడివేనని జిమ్ వెనుకనుంచి కేక వేస్తాడు. ఆ మాటతో హక్ కాళ్లు చల్లబడతాయి. అది కృతజ్ఞతా, లేక బాలుడి ముఖం చదివి వేసిన కడపటి పాచికా?

రెండూ కావచ్చుననడంలో జిమ్‌కు అవమానం లేదని నేననుకుంటాను. నిష్కల్మషమైన ఏకైక ఉద్దేశం కావాలని కోరడం, సొంత ప్రాణం తన చేతిలో ఉన్నవాడి విషయంలో సబబు. ఎనిమిది వందల డాలర్ల వెల కట్టబడిన మనిషికి ప్రేమనూ ప్రాణరక్షణనూ విడివిడి గదుల్లో దాచుకునే వీలు ఎక్కడిది? సందేహం ఉన్నవారు నవల చివరి భాగం చూడవచ్చు. టామ్‌కు తూటా తగిలినప్పుడు, చేతికందిన స్వేచ్ఛను వదులుకుని వైద్యుడు వచ్చేవరకు జిమ్ కదలడు. ఉపాయమే అతని స్వభావమైతే ఆ రాత్రి అతడు అక్కడ ఉండడు.

జిమ్ అంతరంగం నేరుగా వినిపించే చోటు ఒకటుంది. నాలుగేళ్ల కూతురు తలుపు వేయమంటే వేయలేదని కొట్టాడు. తరువాత గాలికి తలుపు దభాలున మూసుకున్నా ఆ పసిపిల్ల ఉలకలేదు. జ్వరం వల్ల ఆమెకు చెవుడు వచ్చిందని అప్పుడు తెలిసింది. హక్‌ను బాధించే పాపం ఎవరో చెప్పగా తెలిసింది, జిమ్‌ను బాధించేది కళ్లముందు కదలకుండా నిలబడిన బిడ్డ. మనస్సాక్షి అనే మాటకు ఈ నవలలో నిండుగా తగిన మనిషి హక్ కాదు, జిమ్. అయినా అతని గొంతు మనకు హక్ కలం గుండానే వినిపిస్తుంది. షికాగో విశ్వవిద్యాలయంలో పాల్ మోజెస్ అనే నల్లజాతి అధ్యాపకుడు ఈ నవలను బోధించడానికి నిరాకరించిన ఉదంతాన్ని వేన్ బూత్ 1988 నాటి తన గ్రంథారంభంలోనే చర్చించాడు. పర్సివల్ ఎవరెట్ 2024లో వెలువరించిన 'జేమ్స్' నవలలో కథ చెప్పేది జిమ్. అందులో అతడు విద్యావంతుడు, తెల్లవారి ముందు అజ్ఞానిగా నటిస్తాడు. ఇరవయ్యవ శతాబ్దపు పాఠకులకు అనుమానంగా మిగిలినది అక్కడ కథాసూత్రమైంది.

ఈ నవలలో దాపరికాలు మూడున్నాయి. జిమ్‌ను వెదికేవారి నుంచి కాపాడడానికి, తెప్ప మీద ఉన్నది మశూచి సోకిన తన తండ్రి అన్నట్టు హక్ వారిని నమ్మిస్తాడు. హక్ తండ్రి మరణాన్ని జిమ్ దాచాడు. జిమ్ స్వతంత్రుడైన సంగతిని టామ్ దాచాడు. మొదటి రెండింటిలో ఒకరి ప్రాణమో స్వేచ్ఛో పణంగా ఉంది. మూడవదానిలో ఉన్నది ఆట. పుస్తకాల్లో చదివిన సాహసాల ముచ్చట తీర్చుకోవడానికి ఒక స్వతంత్రుణ్ణి వారాల తరబడి కొట్టులో బంధించి, ఎలుకలతో పాములతో వేధించాడు. నవల మొత్తంలో మంచి కుటుంబం, చదువు, మర్యాద ఉన్న బాలుడు అతడే, అంతరాత్మ ఏమాత్రం బాధించనివాడూ అతడే. తరగతిలో టామ్ అల్లరికి నవ్వినవారు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టగానే నిశ్శబ్దమవుతారు. డబ్బు లెక్క కూడా గమనించదగినది. మశూచికి భయపడిన ఆ ఇద్దరూ హక్‌కు విడిచిన బంగారు నాణేల విలువ నలభై డాలర్లు, మోసగాడు జిమ్‌ను అమ్మింది నలభై డాలర్లకు, చివరకు టామ్ జిమ్‌కు ఓపికగా ఖైదీ వేషం కట్టినందుకు ఇచ్చిందీ నలభై డాలర్లే. ఇది యాదృచ్ఛికం కావచ్చు. కానీ జిమ్ ఆ డబ్బు అందుకుని పొంగిపోయాడని హక్ రాసిన చోట, చూసినదాన్ని అతడు ఎంతవరకు చూశాడో అనుమానించక తప్పదు.

జిమ్ తన రహస్యం విప్పేది ఆ తరువాతే. ఆరు వేల డాలర్లను తండ్రి ఈపాటికి తాగివేసి ఉంటాడని హక్ అన్నప్పుడు, ఆయన ఇక తిరిగి రాడని జిమ్ గంభీరంగా చెబుతాడు. ఎందుకని హక్ పట్టుబట్టి అడిగాకే కొట్టుకువచ్చిన ఇంటిని గుర్తుచేస్తాడు. అప్పటికి అతడు స్వతంత్రుడు, హక్ ఇంటికి వెళ్లిపోయినా అతనికి నష్టం లేదు. ఆ మాట విన్న హక్ ఏమనుకున్నాడో నవలలో ఒక్క వాక్యం లేదు. తన అంతరంగంలోని ప్రతి కుదుపునూ మనకు చెబుతూ వచ్చిన బాలుడు, తండ్రి చావు గురించీ జిమ్ మౌనం గురించీ ఏమీ రాయకుండా, టామ్ మెడలో వేలాడుతున్న తూటా సంగతికి వెళ్లిపోతాడు.