ఒకే కొట్టుకు రాసిచ్చిన చేతులు

తెనాలి నుంచి టొరంటో వెళ్లి, ఏళ్ల తరబడి అక్కడే ఉండి కెనడా పౌరుడైన ఒకాయన, దాచుకున్నదంతా ఊడ్చి అమెరికాలో డల్లాస్ పక్కన టిఫిన్ కొట్టు పెట్టాడు. ఈ-2 ఇన్వెస్టర్ వీసా వచ్చింది. ఇద్దరు వంటవాళ్లు, కౌంటర్లో ఒక అమ్మాయి. అయినా తెల్లవారుజామున పిండి ఆయనే రుబ్బేవాడు. పెసరట్టు మీద ఉల్లి, అల్లం చల్లి, అట్లకాడతో అంచు లేపి మడత పెడుతుంటే కౌంటర్ దగ్గర జనం చూస్తూ నిలబడేవారు.

ఆరు నెలలు తిరిగేసరికి ఎదురుగా పెద్ద హోటల్ వెలిసింది. అమ్మకం సగానికి పడింది. ఒకటో తారీఖు అద్దె మాత్రం ఆగదు.

"బావా, శని ఆదివారాలు మా ఫంక్షన్ హాల్లో వంట చూసుకో, జీతం ఇస్తా" అన్నాడు స్నేహితుడు.

కష్టపడి సంపాదించుకుంటే తప్పేముంది అనుకున్నాడాయన. ఎం.కాం. చదివిన భార్య ఇంట్లోనే ఉండేది. డిపెండెంటు పని చేయకూడదని ఇద్దరూ నమ్మారు.

రెండేళ్ల గడువు దగ్గరపడింది. పొడిగింపుకు కాగితాలు సర్దుతుంటే పన్ను లెక్కల్లోంచి హాలు వాళ్లిచ్చిన జీతం చీటీ బయటపడింది. లాయరమ్మ దాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత భార్య ఐ-94 ప్రవేశ పత్రం తీసి, 'ఈ-2ఎస్' అన్న అక్షరాల కింద పెన్సిల్‌తో గీత గీసింది.

"మీవారు కొట్టు దాటి పని చేయకూడదు. మీరు ఎక్కడైనా చేయొచ్చమ్మా. అనుమతి ఇదే."

"రెండేళ్లు ఈ కాగితం నా బీరువాలోనే ఉందండీ" అంది ఆమె.

పొడిగింపు రాలేదు. గ్రైండర్‌తో సహా కొట్టు అమ్మేశారు. పనివాళ్లు ముగ్గురూ వేరే చోటు వెతుక్కున్నారు.

నీతి: డబ్బు మనదే, కొట్టు మనదే; చేతులకు అనుమతి మాత్రం ఆ గడప వరకే.

ఈ-2 వీసా అమెరికాతో వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాల పౌరులకు. భారత్ ఆ జాబితాలో లేదు, కెనడా ఉంది. గ్రెనడా లాంటి చోట డబ్బు కట్టి పౌరసత్వం కొనుక్కుని ఈ దారి పట్టేవారికి 2022 డిసెంబరులో అడ్డుకట్ట పడింది: ముందు ఆ దేశంలో మూడేళ్లు నివాసం ఉండాలి. కనీసం 8 లక్షల డాలర్ల పెట్టుబడి, పది ఉద్యోగాలు అడిగే ఈబీ-5 దారి వేరు. అందులో గ్రీన్ కార్డు వస్తుంది, ఎక్కడైనా పని చేసుకోవచ్చు. ఈ-2లో అది లేదు. వ్యాపారం తన కాళ్ల మీద తాను నిలబడాలి, కుటుంబం తిండికి సరిపోతే చాలదు అన్నది అక్కడి లెక్క.

నలుగురికి పని ఇవ్వడానికి వచ్చినవాడికి, గడ్డు నెలలో పూట కూలికి వెళ్లే వీలు కూడా లేకపోవడం కఠినమే. నా మనసు ఒప్పుకోదు. కానీ మన మనసు ఒప్పుకోలేదని నిబంధన ఆగదు. ఈ-2 వీసాదారు జీవిత భాగస్వామికి పని అనుమతి ఆ హోదాతోనే వస్తుందని 2021 నవంబరులో తేల్చారు, 2022 నుంచి ఐ-94 మీద ఆ 'ఎస్' అక్షరం వేస్తున్నారు. ఈ సంగతి తెలియని ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఈ వీసా మీద ఉన్నవారు ఈ రాత్రే ఇద్దరి ఐ-94లూ తీసి, పక్కపక్కన పెట్టుకుని చదవండి.