మట్టికి స్వభావం ఉందా?

గుంటూరు–ఒంగోలు మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద ఓ ఫ్లైఓవర్ అప్రోచ్ గోడ లేస్తున్న రోజుల్లో నేను సైటు ల్యాబులో మట్టి పరీక్షలు చేసేవాణ్ని. పక్క చేను రైతు కుంట తవ్వగా వచ్చిన నల్లరేగడి ఊరికే తోలుకోమన్నాడు. "చెడ్డ మట్టి పెద్దాయనా, వద్దు" అన్నాను. ఆయన వంగి గుప్పెడు తీసి నా అరచేతిలో పెట్టాడు. "మూడు తరాలకు అన్నం పెట్టింది బాబూ. దీన్ని చెడ్డదంటావేంది?"

లెక్కలు చెప్పాను. గోడ వెనక నింపే మట్టిలో 75 మైక్రాన్ల జల్లెడ దిగే మెత్తని రేణువులు 15 శాతం దాటకూడదు, మట్టి బంకతనాన్ని కొలిచే ప్లాస్టిసిటీ ఇండెక్స్ 6 మించకూడదు. పొరపొరకీ పరిచే వలలాంటి జియోగ్రిడ్‌ను పట్టి ఉంచేది రాపిడే. 1960లలో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ విడాల్ మట్టిని ఇలా పొరలుగా బిగించే పద్ధతి కనిపెట్టిందీ దాన్ని నమ్ముకునే. ఇసుక, గరుసు ఆ పట్టునిస్తాయి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. తాగిన నీళ్లు వదలక గోడను బయటికి నెడుతుంది. ఆయన అంతా విన్నాడు. ఆయన అడిగినదానికి మాత్రం నేను జవాబు చెప్పలేదు.

ఆ జవాబు వెతికితే మొదట ఉపనిషత్తు గుర్తొచ్చింది. ఒక్క మట్టిముద్ద తెలిస్తే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టేనని ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుక్కి బోధిస్తాడు. ఆ మాటంటే నాకు భక్తి. కానీ ఒకే క్వారీ నుంచి పొద్దున వచ్చిన లారీ పాసైతే మధ్యాహ్నం లారీ తప్పేది. తవ్వేకొద్దీ బంకమన్ను తగిలేది. రైతు ప్రశ్నకు దగ్గరగా వచ్చినవాడు బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడు. ఆయన పేరు మోస్తున్న కొండ మా పల్నాటిదే. ఏ వస్తువుకూ తనంతట తనకు స్వభావం లేదంటాడాయన. కారణాలు, సంబంధాలు కూడితేనే అది అదవుతుంది. రేగడిలోని బంకమన్ను ఖనిజం మాంట్‌మోరిల్లొనైట్ పట్టి ఉంచిన తడే వానలు వెనకబడ్డాక పత్తి వేరును బతికిస్తుంది. ఆ తడే గోడకు గండం. అందుకే చెడ్డతనాన్ని మట్టిలో వెతికితే దొరకదు.

అలాగని ఏదైనా ఒకటేననుకుంటే ప్రాణాలు పోతాయి. ఓ సాయంత్రం ఇండెక్స్ 9 వచ్చిన లోడును "కాస్తేగా, పోనీయ్" అన్నారు. నేను సంతకం పెట్టలేదు. ఆ గోడకీ ఆ మట్టికీ మధ్య సంబంధం 6 దగ్గర ఆగిపోతుంది. స్వభావం లేనంత మాత్రాన హద్దు లేకపోదు.

ఆ రాత్రి రిజిస్టరు తీసి, రైతు మట్టికి ఎదురుగా రాసిన "చెడ్డది" కొట్టేసి "గోడకు తగదు" అని రాశాను. మర్నాడు ఆయన ఆ మట్టిని ట్రాక్టరుతో మిరప చేలోకి తోలుకుంటున్నాడు.