అప్పు తీర్చలేని తోటివాడు

 



దీక్ష తీసుకున్ననాడు మనం చాలా వదిలిపెట్టాం. పటాలు గోడ దింపాం. పూర్వజన్మలో చేసిన పాపం వల్లే ఈ జన్మలో పేదవాళ్లమయ్యామన్న మాటనూ వదిలేశాం. అయితే ఒకటి అడుగుతాను, మీలో మీరే జవాబు చెప్పుకోండి. మన వాడలో ఎవరైనా అప్పుల్లో మునిగిపోతే మన నోట ముందు ఏ మాట వస్తుంది? "వానికి పొదుపు తెలియదు." "పెళ్లికి అంత ఖర్చు ఎవరు పెట్టమన్నారు?" "తాగి పాడు చేసుకున్నాడు." ఖర్మ అనే మాట పోయింది గానీ ఆ మాట చేసే పని పోలేదు. అప్పుడు పూర్వజన్మ మీదికి నెట్టేవాళ్లం, ఇప్పుడు ఆ మనిషి మీదికే నెడుతున్నాం. రెండు విధాలా మనకు మాత్రం ఏ బాధ్యతా ఉండదు, చూశారా!

తోటివాడి పేదరికం వాడి సొంత విషయమా, మనందరి విషయమా? ఈ పుస్తకంలో ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

పేదరికం గొప్పదని బుద్ధుడు ఎక్కడా పొగడలేదు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఈ విషయాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపారు. భిక్షువులు కొద్దిపాటి వస్తువులతో బతకడం వాళ్లు కోరి తీసుకున్న నియమం. గృహస్థుకి ఆకలి నియమం ఎలా అవుతుంది? ఆళవి కథ మీకు తెలిసే ఉంటుంది. తప్పిపోయిన ఎద్దును పొద్దంతా వెతికి అలసిపోయి వచ్చిన రైతుకు ముందు అన్నం పెట్టించి, ఆయన తిన్నాకనే బుద్ధుడు ధమ్మం చెప్పాడు. అంగుత్తర నికాయంలో ఇంకా సూటిగా ఉంది. పేదరికం అప్పుకు దారి తీస్తుంది, అప్పు వడ్డీకి, వడ్డీ కట్టకపోతే అడిగేవాళ్లు వస్తారు, తర్వాత వెంటపడతారు, చివరికి బంధిస్తారు. ఈ మెట్లన్నీ గృహస్థుకి దుఃఖమేనని భిక్షువులతో ఒప్పించి, ఆ తర్వాతే బుద్ధుడు శీలం లేనివాడి సంగతికి వచ్చాడు. సంఘంలో చేరదలచినవాణ్ణి అడిగే ప్రశ్నల్లో "నీకు అప్పు లేదు కదా?" అనేది కూడా ఒకటి. అప్పున్న మనిషి తన కాళ్ల మీద తాను నడవలేడని ఆయనకు తెలుసు.

ఆ మెట్లు మన ఊళ్లలో ఎలా ఉండేవో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. వానాకాలం మొదలయ్యేసరికి ఇంట్లో గింజలు అయిపోతాయి. పని దొరకదు. పటేలు ఇంటికి పోయి నాగుకు గింజలు తెచ్చుకోవాలి. ఒక బస్తా తెస్తే పంట చేతికొచ్చాక బస్తన్నర కొలవాలి. కొలిచాక మిగిలేది మళ్లీ వానాకాలం దాకా రాదు. మళ్లీ అదే గడప. అదీ చాలకపోతే పిల్లవాణ్ణి జీతం పెట్టడం. ఈ చక్రంలో ఉన్న మనిషికి పొదుపు నేర్పిస్తామంటే నవ్వొస్తుంది. దేన్ని పొదుపు చేస్తాడు? పటిచ్చ సముప్పాదం మనకు నేర్పింది ఇదే కదా, ఒకదాన్ని పట్టుకుని ఒకటి పుడుతుంది. ఒక్క లంకె తెంపితే మిగతావి నిలబడవు. మరి ఏ లంకె తెంపాలి? ఒక్కడే తెంపగలడా?

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో దీనికొక జవాబు కనబడింది. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో అక్కడ ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలే. వాళ్లు ధమ్మదీక్ష తీసుకున్నారని నేననడం లేదు. చేసిన పని చూడమంటున్నాను. ప్రభుత్వం పంచిన భూములు చాలామందికి ఉన్నా అవి ఎర్రటి రాళ్ల నేలలు. దున్నడానికి, ఎరువుకు పెట్టుబడి లేక పడావు పడి ఉండేవి. భూమి ఉండి కూడా కూలికి పోవడమన్నమాట. 1990ల్లో సంఘాలు ఆ పడావు భూములకు పెట్టుబడి ఇచ్చాయి. బాకీ డబ్బుగా కాకుండా జొన్నలుగా, కొన్నేళ్ల మీద తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవ చేసి, గింజలు అయిపోయే రోజుల్లో బాగా పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు బాగా పేదో ఆఫీసులో కూర్చుని రాయలేదు. ఊరి పటం నేల మీద వేసి, ఇల్లిల్లూ అందరి ముందే చర్చించి తేల్చారు. విత్తనాలదీ అదే పద్ధతి. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచిన విత్తనం ఒకరు తీసుకుపోతారు, పంట వచ్చాక కొంత కలిపి తిరిగి ఇస్తారు. 2019లో వీళ్ల సంఘాలకు ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బహుమతి మాట అటుంచండి. నాగుకు పోయే ఆ ఒక్క నెలను పట్టుకున్నారు చూడండి, నాకు పెద్దగా అనిపించింది అదే.

ఇక కష్టమైన భాగానికి వద్దాం. సంఘం అనగానే మంచిదని అనుకోవద్దు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగింది? మైక్రోఫైనాన్స్ కంపెనీలు కూడా ఆడవాళ్లను గుంపులు కట్టించే అప్పులిచ్చాయి. వారం వారం కిస్తీ. ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లు కట్టాలి. దాంతో ఏజెంటుకు పని తగ్గింది, పక్కింటి అక్కే వచ్చి గుమ్మం ముందు కూర్చుంది. అవమానం పడలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి బలవంతపు వసూళ్లను నిషేధించాల్సి వచ్చింది. అక్కడా గుంపే, ఇక్కడా గుంపే. అక్కడ మన ఇరుగుపొరుగు ప్రేమనే తాడుగా పేని మన మెడకే వేశారు.

కాబట్టి అసలు ప్రశ్న ఇది. మన సంఘం గింజలు తీసుకుని తిరిగి కొలవలేనివాణ్ణి మనం ఏం చేయాలి? వదిలేస్తే గాదె ఖాళీ అవుతుంది, వచ్చే ఏడు ఇంకో ఇల్లు పస్తుంటుంది. వెంటపడితే మనకూ కిస్తీల కంపెనీకీ తేడా లేదు. "మైత్రి ఉండాలి" అంటే సరిపోదు. మైత్రికి కూడా ఒక పద్ధతి కావాలి.

ఆ పద్ధతి వినయంలో ఉంది. భిక్షుసంఘంలో ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే, ఆ మనిషి లేకుండా తీర్పు చెప్పరాదు. అతను ఎదురుగా ఉండాలి, అతని మాట వినాలి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ బాబాసాహెబ్ బౌద్ధ సంఘాల ఈ సభా నియమాలను గుర్తు చేశారు. దీన్ని మన గాదెకు వర్తింపజేయండి. బాకీ ఉన్నవాడి ఇంటికి ఎవ్వరూ పోకూడదు. అతని గురించి వెనక మాట్లాడకూడదు. సభలో అతనే చెప్పాలి. వాన పడక పంట పోతే అది అతని దోషం కాదు, వచ్చే ఏటికి జరపాలి, పైన ఒక్క గింజ కలపకూడదు. గింజలమ్మి తాగి ఉంటే? అప్పుడు ఇంటామెను కూడా పిలవాలి, ఇకనుంచి ఆమె పేరు మీదే కొలవాలి. అతనికి పంచశీలం గుర్తు చేయండి, పిల్లల గిన్నె మాత్రం ఆపకండి. ఉండి కూడా ఎగ్గొట్టేవాడు అరుదు. ఉంటే తర్వాతి ఏడు అతని వంతు చివరికి పోతుంది, అంతే.

"ఊరంతా కలిసి చేద్దాం" అని కొందరంటారు. వినడానికి బాగుంటుంది. అయితే 1948లో బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో ఊరిని ఎందుకు నమ్మలేదో మరవొద్దు. నాగుకు ఇచ్చినవాడు కూడా ఊళ్లోవాడే. అతను కూర్చున్న సభలో బాకీ ఉన్న మన మనిషి నోరు విప్పగలడా? ముందు వాడలో మొదలుపెడదాం. సమానంగా కూర్చోవడానికి సిద్ధపడి వచ్చేవాళ్లకు తలుపు తెరిచే ఉంటుంది.

ఇంకొందరు, ప్రభుత్వం చేయాల్సింది మనం చేస్తే అది తప్పించుకుంటుంది కదా అంటారు. న్యాయమైన మాటే. కూటదంత సుత్తంలో రైతుకు విత్తనం, వ్యాపారికి పెట్టుబడి, ఉద్యోగికి జీతం ఇవ్వమన్నది రాజుకే. సబ్ ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, దాని నిధులు అడగాల్సిందే. కానీ ఇల్లిల్లూ లెక్క తెలిసిన సంఘం అడిగితే ఒకలా ఉంటుంది, ఒక్కడు కాగితం పట్టుకుని పోతే ఒకలా ఉంటుంది. మండలాఫీసు వరండాలో నిలబడ్డవాళ్లకు ఈ తేడా నేను చెప్పక్కర్లేదు.

వచ్చే పున్నమికి విహారంలో వందన అయ్యాక ఒక గంట ఉండండి. ఏ నెలలో ఎవరింట్లో గింజలు అయిపోతాయో, ఏ నెలలో ఎవరు వడ్డీకి పోతారో రాసుకోండి. ఇంటికి ఒక తవ్వెడు చొప్పున మొదలైనా ఫర్వాలేదు. గాదె తాళం సంగతి మాత్రం మొదటిరోజే తేల్చుకోండి. రెండు తాళాలు పెట్టండి, రెండూ ఆడవాళ్ల దగ్గరే, వేర్వేరు ఇళ్లలో ఉండాలి. అధ్యక్షుడి ఇంట్లో మాత్రం వద్దు.